బిల్లు మీద జిల్లా పేరు

ఓపెన్‌సోర్సు (కోడు అందరికీ తెరిచి ఉంచే) వెబ్ సాఫ్ట్‌వేర్లలో మెనూలను సులభం చేయాలనుకున్నప్పుడు డెవలపర్లు ఆ నిర్ణయానికి ఎలా వస్తారు, వాడేవాళ్ళ అభిప్రాయం నిజంగా అడుగుతారా అన్నది మీ ప్రశ్న.

అడుగుతారు. అయితే అడిగితే వచ్చే జవాబు ఒకటి, పక్కన కూర్చుని చూస్తే కనిపించేది మరొకటి అని నేను ఖరాఖండిగా చెప్పగలను, ఎందుకంటే ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో మా మేనమామ దుకాణంలో ఒక స్టూలు మీద కూర్చుని దాదాపు ముప్పావు గంటసేపు చూశాను.

ఉలవపాడులో మామయ్యకు రొయ్యల మేత దుకాణం ఉంది. చుట్టుపక్కల చెరువుల రైతులకు బస్తాలు అరువుకిచ్చి, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక బాకీ వసూలు చేసుకోవడం ఆ వ్యాపారం తీరు కనుక అక్కడ సరుకు లెక్కకంటే ఖాతాల లెక్కే ముఖ్యం. దుకాణాల చిట్టా, ఆవర్జా బ్రౌజరులోనే రాసుకోవడానికి వీలుగా తయారైన ఒక చిన్న ఓపెన్‌సోర్సు ప్రాజెక్టులో నేను తీరిక వేళల్లో పనిచేస్తుంటాను, దాన్నే ఆయన కంప్యూటరులో పెట్టాను. ప్రాజెక్టులో ఉన్నది పది పన్నెండు మందిమి, ఎవరికీ జీతం లేదు. తెలుగు అనువాదమంతా నాదే కాబట్టి ఇక్కడ చెప్పబోయే తప్పుల్లో సగానికి పైగా నావే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చినప్పుడు కందుకూరు ప్రాంతంతో పాటు ఉలవపాడు కూడా ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. బిల్లు పైన దుకాణం పేరు కింద 'ప్రకాశం జిల్లా' అని ఉన్న చోట 'నెల్లూరు జిల్లా' అని మార్చాలి, పని అంతే. గుమాస్తా గారికి ఆ చోటు దొరకడం లేదని మామయ్య ఫోను చేశారు. నేను ఆ శనివారం వెళ్ళి, "మీరే మార్చండి బాబాయ్, నేను చూస్తూ కూర్చుంటాను" అని ఆయన వెనక స్టూలు వేసుకున్నాను. గుమాస్తా గారికి అరవై దాటాయి, నన్ను నిక్కర్ల వయసు నుంచీ ఎరుగుదురు కాబట్టి మొహమాటం లేదు.

ఆయన మానిటరు అంచుకు ఒక కాగితం ముక్క టేపుతో అంటించి ఉంది. దాని మీద నీలం సిరాతో, 'విభూతి – 3వది – కింద – పచ్చది' అని రాసి ఉంది. అర్థం కాక అడిగితే, తెర మూలన ఉన్న మూడు అడ్డగీతలను చూపించి, "ఇదిగో విభూతి, ఇది నొక్కితే గదా వరసంతా దిగేది" అన్నారు. జెరాక్స్ సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్ అనే కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనరు గీసిన బొమ్మ అది, జాబితాలోని వరుసల్లా కనిపించాలన్నది ఆయన ఉద్దేశం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని హాంబర్గర్ అంటారు. ఉలవపాడులో అది విభూతి రేఖలైంది, నా దృష్టిలో ఈ పేరే మేలు. కానీ ఏ పేరు పెట్టినా ఆ బొమ్మ కింద ఏముందో బొమ్మను చూసి ఎవరికీ తెలియదు, అందుకే ఆ కాగితం ముక్క అవసరమైంది. ఆ మాటకొస్తే ఆయన వాడుతున్నది ఆ కాగితాన్నే, మేము రాసిన మెనూ దానికింద ఎక్కడో ఉంది.

జిల్లా పేరు కోసం ఆయన ముందు 'ఖాతాలు' తెరిచారు, ఎందుకంటే చిరునామాలన్నీ ఉండేది అక్కడే. రైతుల చిరునామాలు కనిపించాయి గానీ దుకాణానిది లేదు. తర్వాత బిల్లు తెరిచి, పైనున్న 'ప్రకాశం' అన్న మాట మీదే నాలుగుసార్లు నొక్కారు. తప్పు ఎక్కడ కనిపిస్తే అక్కడే దిద్దాలనుకోవడం కంటే సహజమైన ఆలోచన ఏముంటుంది? మా సాఫ్ట్‌వేరులో మాత్రం అది కుదరదు. పళ్ళచక్రం బొమ్మ నొక్కితే వచ్చే 'పరిపాలన'లోకి వెళ్ళి, అందులో 'సంస్థ', అందులో 'ముద్రణ మూసలు', అందులో 'శీర్షిక' తెరవాలి. నా తెలుగే అది. 'ముద్రణ మూసలు' అన్న చోట ఆయన ఆగి, వెనక్కి తిరిగి, "మూసలేంది నాయనా, అవి కంసాలి దగ్గరుండేవి గదా?" అన్నారు. నేను సమాధానం చెప్పలేదు. దారి చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది, వేలు దానంతట అదే తెర వైపు పోతుంటే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

అనువాదం గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అనువాదకుడి ముందుకు ఇంగ్లీషు మాటలు పుల్లల కట్టలా వచ్చి పడతాయి. ఏ మాట ఏ తెర మీద, ఏ బొత్తాము పైన వస్తుందో చూపించేవాడుండడు. అలాంటప్పుడు నాలాంటివాడు నిఘంటువు తీసి 'టెంప్లేట్'కు 'మూస' అని రాస్తాడు, పైగా చక్కని తెలుగు రాశానని మురిసిపోతాడు. మెనూలో అంశాలు ఎన్ని ఉన్నాయన్నది అందరూ లెక్కపెడతారు గానీ, ఆ అంశాల పేర్లు దుకాణంలో ఎవరైనా నోటితో పలుకుతారా అని ఎవరూ అడగరు.

ఆ రాత్రే ప్రాజెక్టులో ఈ విషయం లేవనెత్తాను. ఆ తర్వాత రెండు నెలలు జరిగింది మీకు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఒకరు మెనూ ఎడమ పక్కన నిలువుగా ఉండాలన్నారు, ఒకరు పైన అడ్డంగా ఉండాలన్నారు, ఇంకొకరు మెనూయే వద్దు, వెతికే పెట్టె ఒక్కటి చాలన్నారు. అన్నిటికంటే ఎక్కువ మంది మాట్లాడింది పళ్ళచక్రం బొమ్మకు ఎన్ని పళ్ళుండాలన్న దాని మీద. 1999లో ఫ్రీబీఎస్డీ అనే ఓపెన్‌సోర్సు ఆపరేటింగ్ సిస్టం డెవలపర్లకు రాసిన ఒక ఉత్తరంలో పౌల్-హెనింగ్ కాంప్ ఈ జబ్బుకు సైకిల్ షెడ్డు ఉపమానం వాడాడు: అణు విద్యుత్ కేంద్రం గురించి నోరెత్తని కమిటీ, సైకిల్ షెడ్డు దగ్గరకొచ్చేసరికి అందరూ నిపుణులే. ఉపమానం అంతకుముందే పార్కిన్సన్ అనే రచయిత చెప్పింది, సాఫ్ట్‌వేరువాళ్ళకు అంటించింది మాత్రం కాంప్. ఇక ఎవరైనా వాడుకరి వచ్చి ఇబ్బంది చెప్పుకుంటే, 'కోడు తెరిచే ఉంది, నచ్చకపోతే నువ్వే మార్చుకో' అనే జవాబు ఒకటి ఈ లోకంలో సిద్ధంగా ఉంటుంది. మేత బస్తాలు లెక్కపెట్టుకునే మనిషి కోడు మార్చుకోవాలనడం, వంటలో ఉప్పెక్కువైందన్నవాడికి గరిటె చేతికివ్వడం లాంటిది.

పెద్ద ప్రాజెక్టులు ఈ గొడవను ఎలా దాటాయో వెతికాను. వెబ్‌సైట్లు, బ్లాగులు నడుపుకునే వర్డ్‌ప్రెస్ 2008 మార్చిలో 2.5 వెర్షనుతో నిర్వహణ తెరను కొత్తగా తీర్చిదిద్దింది, మెనూ పైన అడ్డంగా ఉండేది. తొమ్మిది నెలలు తిరగకుండానే, డిసెంబరులో వచ్చిన 2.7లో దాన్ని ఎడమ పక్కకు నిలువుగా మార్చేశారు. ఆ మధ్యలో వాళ్ళు చేసింది, క్రేజీహార్స్ అని పేరు పెట్టుకున్న ఒక ప్రయోగపు నమూనా తయారుచేసి, మనుషులను కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళు తెర మీద ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో పరికరంతో చూడటం. మెనూ అమరిక మీద జనాన్ని అభిప్రాయాలూ అడిగారు, కాదనను. కానీ ఇన్నేళ్ళైనా ఆ మెనూ ఎడమ పక్కనే నిలిచి ఉందంటే అది చూసి చేసిన నిర్ణయం కావడం వల్లనేనని నా గట్టి నమ్మకం. మా జిల్లా మారిన ఆ ఏప్రిల్ నెలలోనే ఆన్‌లైన్ పాఠాలకు వాడే మూడుల్ 4.0 కూడా వచ్చింది, అందులో పళ్ళచక్రం కింద దాగిన కోర్సు సెట్టింగులను పైకి తెచ్చి, పేర్లతో కనిపించే ట్యాబులుగా పెట్టారు. బొమ్మ వెనక దాచినదాన్ని మాటగా బయట పెట్టడమే అక్కడ జరిగిన మేలు, నేను మా వాళ్ళతో పోరాడిందీ దాని కోసమే.

చివరికి మా దగ్గర వాదన తెగింది వీడియోలతో. గుమాస్తా గారు, ఒంగోలులో ఎరువుల దుకాణం చూసుకునే ఒక అమ్మాయి, కావలిలో బట్టల కొట్టు నడిపే ఒకావిడ, ముగ్గురి అనుమతితో వాళ్ళ తెరలను రికార్డు చేసి అందరికీ పంపాను. ముగ్గురూ బిల్లు మీది అక్షరాలనే నొక్కారు. వెతికే పెట్టెను ముగ్గురిలో ఒక్కరూ ముట్టుకోలేదు. అది చూశాక పళ్ళచక్రం పళ్ళ గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. ముగ్గురి సాక్ష్యం సరిపోతుందా అని మీరు అడగవచ్చు, రెండు నెలలుగా ఒక్కరి సాక్ష్యం కూడా లేకుండా కొట్టుకున్న మాకు అది ఎక్కువే.

ఇరవై మూడు అంశాల మెనూ ఆరుకు దిగింది: అమ్మకం, సరుకు, ఖాతాలు, జమ, లెక్కలు, మా దుకాణం. బొమ్మలు తీసేసి మాటలు పెట్టాము, విభూతి గీతలూ పోయాయి. మిగిలినవన్నీ 'మరిన్ని' అనే ఏడవ బొత్తాము కిందకు తోశాము, తప్పు జరిగింది కూడా అక్కడే. బస్తాలు వాపసు తీసుకునే తెరను నెలకు ఒకటి రెండుసార్లే వాడుతున్నారని దాన్ని కూడా అందులోనే పడేశాము. చెరువులో జబ్బు కనిపిస్తే రొయ్యలు అమ్మే సైజుకు (కౌంటుకు) రాకపోయినా రైతు ఆత్రంగా పట్టుబడి చేసేసి, విప్పని మేత బస్తాలను తెచ్చి తిరిగి ఇచ్చేస్తాడు. ఒక చెరువుకు వచ్చిందంటే పక్క చెరువుల వాళ్ళూ అదే దారి పడతారు. నెలకు రెండే అనుకున్న పని ఒక్క పూటలో పాతికసార్లు పడుతుంది. అటువంటి రోజు ఒకటి వచ్చినప్పుడు, దుకాణం ముందు ఆటోలు బారులు తీరి ఉండగా, గుమాస్తా గారికి 'వాపసు' కనిపించలేదు. ఆయన నాకు ఫోను చేయలేదు. అమ్మకం తెరలోనే బస్తాల సంఖ్య ముందు మైనస్ గుర్తు కొట్టి, పన్నెండు బస్తాలు మైనస్సులో అమ్మేశారు. సరుకు పెరిగింది, రైతు బాకీ తగ్గింది, లెక్క పైసాతో సహా సరిపోయింది.

మేము కూర్చుని ఎంత ఆలోచించినా తట్టని విషయం అది. వాపసు అంటే ఆయన దృష్టిలో వెనక్కి నడిచే అమ్మకం, కాబట్టి అది ఉండాల్సింది అమ్మకం తెరలోనే. తర్వాతి వెర్షనులో ఆ తెర మీదే 'వాపసు' బొత్తాము పెట్టాము, బిల్లు మీది చిరునామాను అక్కడికక్కడే నొక్కి దిద్దుకునే వీలు కూడా కల్పించాము. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే మానిటరు అంచున పాత కాగితం స్థానంలో కొత్తది అంటించి ఉంది, 'వాపసు – అమ్మకంలోనే, మైనస్ కొట్టాలి' అని. బొత్తాము పెట్టాము గదా బాబాయ్ అంటే, "ఉందిలే నాయనా, చూశా" అని మళ్ళీ మైనస్సే కొట్టారు. మైనస్ సంఖ్యలను తిరస్కరించాలని ఒకరు పంపిన మార్పు అప్పటికి మా ముందు పరిశీలనలో ఉంది, దాన్ని నేను ఆ సాయంత్రమే వద్దని కారణం రాసి మూసేశాను.