కాలిఫోర్నియాలో పనిలో గాయపడి, ఇంగ్లీషు సరిగా రానివారికి దుభాషి ఖర్చు ఎవరు భరించాలి?

యజమాని గానీ అతని బీమా సంస్థ గానీ భరించాలి. కార్మికుడు ఒక్క డాలరు కూడా చెల్లించనక్కరలేదు.

కాలిఫోర్నియా కార్మిక చట్టం 4600వ సెక్షన్ ప్రకారం, ఇంగ్లీషులో వైద్యునికి తన బాధ వివరించలేని కార్మికునికి చికిత్స సమయంలో అర్హుడైన దుభాషి సేవలు పొందే హక్కు ఉంది. అంటే ఆ సేవ కూడా మందులూ పరీక్షల వలె చికిత్సలో భాగమే. శాశ్వత వైకల్యం ఎంత శాతమో తేల్చడానికి వైద్యుని నివేదికే ప్రధాన ఆధారం కాబట్టి, మాట తప్పుగా అందితే వైద్యంతో పాటు పరిహారమూ దెబ్బతింటుంది. ఉదాహరణకు, ఫ్రీమాంట్‌లోని ఒక దుకాణంలో బరువులెత్తి నడుము దెబ్బతిన్న తెలుగు కార్మికుడు ‘కాలు లాగుతోంది, మొద్దుబారుతోంది’ అంటే, వెంట వచ్చిన కొడుకు దాన్ని వట్టి ‘నొప్పి’గా అనువదించవచ్చు, అప్పుడు నరానికి సంబంధించిన లక్షణం నివేదికలోకి ఎక్కదు. అందుకే ఇంట్లోవారి అనువాదంతో, వారు ఎంత ప్రేమగా చేసినా, సరిపెట్టుకోకుండా అపాయింట్‌మెంట్‌కు ముందే, వీలైతే రాతపూర్వకంగా, దుభాషిని కోరడం మంచిది.

దుభాషికి ఇచ్చిన రుసుమును పరిహారంలోంచి కోసుకుంటారని చాలామంది భయపడతారు, కానీ అది నిజం కాదు. వలస పత్రాలు లేనివారికి ఈ హక్కు వర్తించదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే ఆ రాష్ట్ర చట్టం వారిని కూడా ఉద్యోగులుగానే పరిగణిస్తుంది.