ఐదుగురి ఇంట్లో కూరగాయలు పారేయకుండా వారం గడపడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంట్లో ఐదుగురు: మీరిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు. ఆదివారం సంచి నిండా కూరగాయలు తెస్తున్నారు, శుక్రవారానికి అందులో కొంత చెత్తబుట్ట పాలవుతోంది. వారం మెనూ రాసి ఫ్రిజ్‌కి అంటిస్తే మంగళవారానికే అటకెక్కుతోంది. పైగా రోజూ అన్నం మిగులుతోంది, ఫ్రిజ్‌లో పెట్టింది అత్తగారు ముట్టరు.

మాదీ ఐదుగురి ఇల్లే, విజయవాడలో. కూరగాయలు తేవడం నా పని. వంట మా ఆవిడా నేనూ వంతులేసుకుంటాం. నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఆ మెనూ కాగితం తీసేయండి. సోమవారం బెండకాయ వేపుడు అని రాసుకుంటాం. తీరా బజారుకెళ్తే బెండకాయలు ముదిరిపోయి ఉంటాయి, ధరా మండిపోతుంటుంది. అయినా రాసుకున్నాం కదా అని కొంటాం. లేదంటే ఆ రోజు ఆఫీసులో ఆలస్యమై బయట తినేస్తాం, దాంతో తర్వాత రోజులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. కూరల పేర్లు ముందే ఖాయం చేసుకోనక్కర్లేదు. తెచ్చినవాటిలో ఏది ముందు పాడవుతుందో చూసి, ఆ వరసలో వండుకుంటూ పోతే చాలు.

తోటకూర, పాలకూర, గోంగూర లాంటి ఆకుకూరలు తెచ్చిన రోజూ మర్నాడూ అయిపోవాలి. తర్వాత బెండ, బీర, వంకాయ, చిక్కుడు. ఆ తర్వాత దొండ, క్యారెట్, క్యాబేజీ, కాస్త దోరగా ఉన్న టమాటాలు. చివరి రెండు రోజులకి దోసకాయ, కంద, చేమ, బంగాళదుంప, కొయ్యని సొరకాయ. కోసిన సొరకాయ ముక్క, గుమ్మడి ముక్క మాత్రం ఆకుకూరల లెక్కలోకే వస్తాయి. గోంగూర ఆ రోజు వండే వీలు లేకపోతే ఆకు కడిగి ఆరబెట్టి, చెంచాడు నూనెలో మెత్తగా మగ్గించి డబ్బాలో పెట్టేయండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు బాగానే ఉంటుంది. పప్పులో వేసుకోవచ్చు, పచ్చడి చేసుకోవచ్చు, కోడికూరలోకీ పనికొస్తుంది. కొత్తిమీర కడగకుండా వేళ్లు కోసేసి, కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే నల్లబడదు.

అన్నీ ఆదివారమే కొనకండి. వారానికి రెండు సార్లు, ఆదివారం ఎక్కువ, బుధవారం కొంచెం. నేను పటమట రైతు బజారుకి వెళ్తాను. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచీ మా నాన్నగారిది ఒకటే పద్ధతి: ధరల బోర్డు చూసి, బజారంతా ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాతే సంచి విప్పేవారు. చవగ్గా ఉన్న మూడు రకాలు చూసుకుని వాటి చుట్టూ వారం అల్లుకోండి. సాయంత్రం ఆకుకూరలు చవకగా ఇచ్చేస్తారు. ఆ రాత్రే వండేటట్లయితేనే తీసుకోండి, లేకపోతే ఆ చవక చవక కాదు. సూపర్ మార్కెట్లో రెండు కొంటే ఒకటి ఉచితం అనే క్యాబేజీల గురించి నేను చెప్పనక్కర్లేదు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. డబ్బు కరిగిపోయేది ఎక్కువగా వేపుళ్లలో. అర కిలో బెండకాయలు వేయిస్తే మూకుడులో సగానికి దిగిపోతాయి, నూనె తాగుతాయి, ఐదుగురికి ఒక పూట సరిపెట్టడం కష్టం. అదే పావు కిలో బెండకాయలు, రెండు ఉల్లిపాయలు, నిమ్మకాయంత చింతపండు, చిటికెడు బెల్లం వేసి పులుసు పెడితే మధ్యాహ్నానికీ రాత్రికీ వస్తుంది. పులుసు రాత్రికే ఇంకా బాగుంటుంది కూడా. మా ఇంట్లో వేపుడు వారానికి రెండు సార్లే. మిగతా రోజులు పులుసు, పప్పుకూర, ఇగురు.

కందిపప్పు ధర చూసి భయపడేవాళ్లకి కట్టు చారు ఉంది. ఒకటిన్నర గ్లాసుల పప్పు కాస్త నీళ్లెక్కువ పోసి ఉడికించి, కదపకుండా కాసేపు ఉంచితే పైన పల్చటి కట్టు తేలుతుంది. అది వంచి ఫ్రిజ్‌లో పెట్టుకుని, మర్నాడు చింతపండు రసం, చారుపొడి, ఇంగువ తాలింపుతో చారు కాచుకోవచ్చు. అడుగున ఉన్న ముద్దపప్పులో ఆ రోజు ఆకుకూర కలుపుతాం. ఒకసారి పొయ్యి వెలిగిస్తే రెండు రోజుల పని. కందిపప్పులో మూడో వంతు పెసరపప్పు కలిపినా పిల్లలు కనిపెట్టలేరు, తొందరగా ఉడుకుతుంది కూడా.

మాంసం తినేవాళ్లయితే దోసకాయ మటన్, గోంగూర మటన్, సొరకాయ వేసిన మాంసం కూర గుర్తు చేసుకోండి. అర కిలో మాంసం ఐదుగురికి రావాలంటే అంతకన్నా మంచి ఉపాయం లేదు.

ఇక తొక్కులు, కాడలు. బీరకాయ చెక్కే ముందే బాగా కడగండి, చెక్కాక కడిగితే తొక్కలో రసం పోతుంది. ముందు చిన్న ముక్క కొరికి చూడండి. బీరకాయైనా సొరకాయైనా చేదుగా ఉంటే మొహమాటం లేకుండా కాయ మొత్తం పారేయండి, ఆ చేదు ఒంటికి మంచిది కాదు. చేదు లేకపోతే తొక్కని చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, ఐదారు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, కొద్దిగా చింతపండు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా రుబ్బండి. పైన మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి తాలింపు. వేడన్నంలో నెయ్యి వేసుకుని కలిపితే ఆ పూట కూర లేకపోయినా ఎవరూ అడగరు. తోటకూర లేత కాడలు పులుసులోకి, కొత్తిమీర కాడలు చారులోకి వెళ్తాయి. పూజలో కొట్టిన కొబ్బరికాయ ఎండిపోయేదాకా చూడకుండా ఆ రోజే కోరి ఫ్రీజర్‌లో వేసేయండి.

ఇడ్లీ పిండి వరస మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది: మొదటి రోజు ఇడ్లీ, తర్వాత దోశ, ఆ తర్వాత ఊతప్పం లేదా గుంత పొంగణాలు, బాగా పులిస్తే బియ్యప్పిండీ ఉల్లిపాయలూ కలిపి పునుగులు. పెరుగు పులిస్తే మజ్జిగ పులుసు. సొరకాయ ముక్కలు ఉడికించి, పెరుగులో రెండు చెంచాల శనగపిండి ఉండల్లేకుండా కలిపి పోసి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉంటే విరగదు.

టమాటా గురించి ఒక్క మాట. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు అందరూ గాభరా పడ్డారు గానీ, చింతపండు ఉన్న ఇంట్లో టమాటా లేకుండా ఏ కూరైనా నడుస్తుంది. చవకైనప్పుడు ఎక్కువ కొని నిల్వ పచ్చడి పెట్టుకోండి.

చివరికి అన్నం సంగతి. అసలు సమస్య ఇదే అనిపిస్తోంది నాకు. అన్నం మిగలడానికి కారణం లెక్క తెలియకపోవడం కాదు, చాలకపోతే ఎలా అన్న టెన్షన్. ఆ టెన్షన్‌తో రోజూ ఒక గ్లాసు ఎక్కువ పోస్తాం. కుక్కర్‌తో ఇచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. పూటకి పెద్దవాళ్లకి ముప్పావు, పిల్లలకి అర కప్పు చొప్పున వేసి, పైన ఏమీ కలపకుండా ఒక వారం చూడండి. చాలని పూట కోసం అటుకులు, బొంబాయి రవ్వ, సేమ్యా డబ్బాలు ఎప్పుడూ నిండుగా పెట్టుకోండి. పది నిమిషాల్లో ఉప్మా అవుతుంది, పిల్లలు అన్నం కన్నా అదే ఇష్టంగా తింటారు.

అయినా మిగిలితే, అన్నం గిన్నెలోనే గంటలు గంటలు వదలొద్దు, మన ఎండల్లో అస్సలు వద్దు. పళ్లెంలో పరిచి చల్లార్చి, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటి ఉదయం తాలింపు అన్నమో నిమ్మకాయ పులిహోరో చేసుకోండి. రెండోసారి మాత్రం వేడి చేయకండి.

అత్తగారి దగ్గరికొస్తే, ఆవిడతో వాదన పెట్టుకోకండి. మా అమ్మా అంతే, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం చూస్తే మొహం తిప్పుకుంటుంది. అందుకని బియ్యం కొలిచే పని ఆవిడకే అప్పజెప్పాం. ఎవరు ఎంత తింటారో మాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఇప్పుడు మేం ఒక పిడికెడు ఎక్కువ వేయబోయినా ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపుతుంది.