బత్తాయి తోటలో సెన్సర్ మైనస్ 127 చూపిస్తుంటే

తమ్ముడూ, ఇంట్లో టేబుల్ మీద బాగానే నడిచిన డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, నల్లగొండ పక్కన మీ బత్తాయి తోటలో పొడుగు వైరు వేయగానే మైనస్ 127 చూపిస్తోందన్నావు. అది ఉష్ణోగ్రత కాదు, సెన్సర్ నుంచి జవాబు రాలేదని లైబ్రరీ, అంటే సెన్సర్‌ని చదవడానికి వాడే రెడీమేడ్ కోడ్, ఇచ్చే గుర్తు. 85 వస్తే కథ వేరు, అప్పుడు పవర్‌నూ కోడ్‌నూ చూడాలి.

నువ్వు పెట్టిన ఫోటోలో రెసిస్టర్ చారలు పసుపు, ఊదా, నారింజ. అంటే 47 కిలోఓమ్‌లు. డేటా వైరుకీ 3.3 వోల్టుల వైరుకీ మధ్య ఉండాల్సింది 4.7 కిలోఓమ్‌లు, దానికి మూడో చార ఎరుపు. వైరు పొడుగైన కొద్దీ సిగ్నల్ పైకి లేవడం ఆలస్యమవుతుంది. ఎక్కువ ఓమ్‌ల రెసిస్టర్‌తో చిన్న వైరు నెట్టుకొస్తుంది గానీ తోట దాకా లాగితే కష్టం. ముందు అదొక్కటి మార్చు. అప్పటికీ రాకపోతే 2.2 కిలోఓమ్‌లది పెట్టి చూడు. మెలిపెట్టిన జాయింట్లకు తడి తగులుతుంది, సోల్డర్ చేసి స్లీవ్ వేయి. బోర్డు మార్చే ఖర్చు ఇప్పుడే పెట్టకు.