రైల్వే స్టేషన్ చుట్టూ వైన్ కంపెనీలేంది?

ప్రశ్న: సార్, మా అబ్బాయి స్పెయిన్‌లో చదువుతున్నాడు. ఆరో అనే చిన్న ఊరి ఫొటోలు పంపాడు. స్టేషన్ పక్కనే వరసగా పాత వైన్ కంపెనీలు! ఊరు వదిలి అక్కడెందుకు పెట్టారు?
– ఒక బత్తాయి రైతు, నిడమనూరు

జవాబు: రైలు కోసమే. రియోహా ప్రాంతంలోని ఆరోకు 1863లో రైలొచ్చింది. పీపాలు నేరుగా బండికెక్కించి బిల్బావో రేవుకు పంపొచ్చు. ఆ రోజుల్లోనే ఫ్రాన్స్ ద్రాక్షతోటలకు ఫిలోక్సెరా పట్టింది. కంటికి సరిగ్గా ఆనని పురుగు, వేర్ల రసం పీల్చి తీగను చంపేస్తుంది. సరుకు లేక ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ వ్యాపారులు రియోహా మీద పడ్డారు. ఇంకేం, ఆరో ఊరి పంట పండింది. స్టేషన్ పేటలో లోపెజ్ దె హెరెదియా అనే వైన్ కంపెనీ 1877లో, కూనే అనేది 1879లో మొదలయ్యాయి. 1890కే వీధుల్లో కరెంటు దీపాలు!

తర్వాత పురుగు రియోహాకూ వచ్చింది. మందు కొడితే పోయే రకం కాదు. అమెరికా జాతి ద్రాక్ష వేర్లు దాన్ని తట్టుకుంటాయి; అందుకని ఆ మొదలు మీద తమ తీగను అంటుకట్టారు. జంబేరి నిమ్మ మొదలు మీద బత్తాయి అంటుకట్టే మీకు ఇది చెప్పాలా?

ఏటా జూన్ 29న అక్కడ ఒకరి మీద ఒకరు వైన్ పోసుకునే సంబరం కూడా ఉంది. అంత సరుకు మట్టిపాలు చేయడం నాకైతే నచ్చదు. మీ అబ్బాయి వెళ్తే మాత్రం తెల్లచొక్కా వేసుకోమనండి, అక్కడ అదే పద్ధతి.