స్కూటీ నేర్చుకోవాలంటే భయం: కిస్తీల మీద కొత్త బండా, చేతిలో డబ్బుతో పాతదా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కర్నూలు గాయత్రి ఎస్టేట్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తాను. జీతం 19,000. ఉండేది కల్లూరులో. రెండు ఆటోలు మారి పోను రాను రోజుకు 80 రూపాయలవుతోంది. స్కూటీ నేర్చుకోవాలని ఉంది, కానీ చాలా భయం. చిన్నప్పుడు సైకిల్ కూడా సరిగా రాలేదు. దాచుకున్నవి 70,000 ఉన్నాయి. కొత్త 125 సీసీ బండి తన పేరున తీసుకుందామని మా ఆయన అంటున్నారు. షోరూమ్‌లో 40,000 కట్టించుకుని, మిగతా 60,000కు నెలకు 2,217 చొప్పున 36 కిస్తీలు అన్నారు. వడ్డీ 11 శాతమేనట. మా తమ్ముడేమో సెకండ్ హ్యాండ్ చాలంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ తమ్ముడి మాటే నా మాట. కాకపోతే బండికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది చివర్లో చెబుతాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్పనివ్వండి. మా వదిన కూడా మీలాగే నలభై దాటాక కొత్త బండి కొనుక్కుంది, మూడేళ్ల కిస్తీల మీద. రెండో వారంలో మా గేటు ముందు దిగి, ఇంజిన్ ఆపకుండానే బండి తిప్పుకుంటుంటే అది ఒక పక్కకు ఒరిగింది. బండి పడిపోతుందన్న భయంతో మా వదిన హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకున్నప్పుడు కుడి మణికట్టు తనంతట తానే కిందికి తిరిగి యాక్సిలరేటర్ లేస్తుంది. బండి ఎగిరి గోడకు కొట్టుకుంది. మోకాలు చీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ తర్వాత ఆమె బండి ముట్టుకోలేదు. మెట్ల కింద గుడ్డ కప్పి ఉన్న ఆ బండికి రెండేళ్లు కిస్తీ కట్టాం, చివరికి సగం ధరకు ఇచ్చేశాం. అప్పుడు నేనే దగ్గరుండి లోన్ పెట్టించాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత పట్టుగా చెబుతున్నాను. నడవని బండి కంటే ఖరీదైన బండి ఉండదు.

ఇక లెక్క చూద్దాం. మీకు చెప్పిన 11 శాతం ఫ్లాట్ వడ్డీ. 60,000 మీద ఏడాదికి 6,600, మూడేళ్లకు 19,800. అసలుతో కలిపి 79,800ని 36తో భాగిస్తే సరిగ్గా ఆ 2,217 వస్తుంది. అంటే నెలనెలా మీరు అసలు తీరుస్తూ వచ్చినా, వడ్డీ మాత్రం ఆఖరి నెల దాకా మొదటి 60,000 మీదే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఇది పందొమ్మిదిన్నర శాతం దగ్గర తేలుతుంది. ఎక్కడ అప్పు తీసుకున్నా "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగండి.

నెలకు 26 రోజుల డ్యూటీ అనుకుంటే మీ ఆటో ఖర్చు 2,080. కిస్తీ ఒక్కటే దాన్ని మించిపోయింది. బండికి పెట్రోలు కూడా పోయాలి. డ్యూటీకి, బజారుకు కలిపి నెలకు 350 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 45 ఇచ్చే బండికి ఎనిమిది లీటర్లు కావాలి, 110 లెక్కన దాదాపు 900 రూపాయలు. కిస్తీ లేకపోతే నెలకు వెయ్యి పైన మిగులుతుంది, సర్వీసింగ్ తీసేస్తే ఇంకొంచెం తక్కువ. ఉన్నమాట చెప్పాలంటే స్కూటీతో మీకు పెద్దగా డబ్బు మిగలదు. మిగిలేది సమయం. రాత్రి డ్యూటీ దిగాక షేర్ ఆటో నిండేదాకా రోడ్డు మీద నిలబడే పని తప్పుతుంది. దానికోసం ఖర్చు పెట్టడం తప్పు కాదు. అప్పు చేయనక్కర్లేదన్నదే నా మాట.

ఏ బండి? మీరు సీసీ చూడకండి, బరువూ సీటు ఎత్తూ చూడండి. టీవీఎస్ జెస్ట్ 103 కిలోలు, సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లు. పాత స్కూటీ పెప్ ప్లస్ ఇంకా తేలిక, 95 కిలోలకు మించదు. యమహా ఫాసినో 125 సీసీదైనా 99 కిలోలే, కానీ సీటు 780 మిల్లీమీటర్లు, పొట్టివాళ్లకు కాలు అందదు. కాగితం మీద అంకెల కంటే మీ ఒంటితో చూసుకోవడమే నయం. చెప్పులతో కాకుండా రోజూ వేసుకునే బూట్లతో వెళ్లి, కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి. ఎవరి సాయం లేకుండా సెంటర్ స్టాండ్ వేసి తీయాలి. ఇంజిన్ ఆపి, పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి నెట్టాలి. ఈ మూడూ తేలిగ్గా చేయగలిగితే అది మీ బండే. చీర కట్టుకుంటారు కాబట్టి, చీర చక్రంలో పడకుండా ఆపే శారీ గార్డ్ ఊడిపోకుండా ఉందో లేదో చూడండి.

పాత బండిలో నేను పట్టుబట్టేది కాంబీ బ్రేక్. ఎడమ బ్రేకు ఒక్కటి నొక్కినా రెండు చక్రాలకూ పడుతుంది. కంగారులో ముందు బ్రేకు మర్చిపోయేవాళ్లకు ఇది ప్రాణం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి. మన ఊళ్లో ఓ సులువు ఉంది. 2019 మొదట్లో రాష్ట్రమంతా ఏపీ 39 నంబర్లు వచ్చాయి. కాబట్టి మన కర్నూలు పాత నంబరు ఏపీ 21 ఉన్న బండి అంటే అంతకు ముందుది, అందులో కాంబీ బ్రేక్ ఉందని గ్యారంటీ లేదు. ఆర్సీలో తయారైన నెల చూసుకోండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం చేసిందని అర్థం. ఐదారేళ్లు దాటిన టైరుకు ఎంత గాడి ఉన్నా మార్చేయండి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించండి, మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, అభ్యంతరం లేదని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో వాళ్ల పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పైసా ఇవ్వొద్దు. బండి పేరు మార్పుకు కావాల్సిన 29, 30 ఫారాల మీద అమ్మేవాళ్ల సంతకాలు ఆరోజే తీసుకోండి. చలాన్లు బాకీ ఉన్నాయేమో చూడండి. ఇన్సూరెన్స్ పాలసీని 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకోవాలి. చాలామంది ఇది వదిలేసి, బండి దెబ్బతిన్నాక క్లెయిమ్ రాలేదని నా దగ్గరికి వస్తారు.

మీ ఆయన గురించి ఒక్క మాట. బండి ఆయన పేరున వద్దు, మీ పేరునే ఉండాలి. పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న యజమానికే, అదీ లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. నడిపేది మీరు, పేరు ఆయనదైతే, ఆ రక్షణ మీకు ఉండదు. ఆయనకు ఈ సంగతి చూపించండి, కాదనరు.

డబ్బు ఇలా సర్దండి: బండికి 45,000 మించకూడదు. టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్‌కు 3,000. పేరు మార్పు, ఇన్సూరెన్స్‌కు మరో 3,000. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న హెల్మెట్‌కు 1,500. నేర్చుకోవడానికి 3,500. మొత్తం 56,000. మిగిలిన 14,000 బ్యాంకులోనే ఉండనివ్వండి. ఏడాదిన్నర తర్వాత చెయ్యి తిరిగిందనిపిస్తే, ఇది అమ్మి కొత్తది తీసుకోవచ్చు. అప్పటికి నెలకు వెయ్యి రికరింగ్ డిపాజిట్ వేసినా 18,000 చేరుతుంది.

ఎలక్ట్రిక్ బండి అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెబుతారు. గంటకు 25 కిలోమీటర్ల లోపు, 250 వాట్ల లోపు బండ్లకు లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. రాజ్‌విహార్ సెంటర్‌లో బస్సుల మధ్య ఆ వేగంతో మీరు ఇంకా బెదిరిపోతారు. పెద్దవి బాగుంటాయి, కానీ చాలావరకు బరువు ఎక్కువ.

ముందు చేయాల్సిన పని ఇదీ: బండి చూడకముందే ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తీసుకోండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక లైసెన్సు పరీక్షకు వెళ్లొచ్చు. ఆ నెలలో మొదటి వారం పిల్లల సైకిలే తొక్కండి, బ్యాలెన్స్ అక్కడే వస్తుంది. తర్వాత ఆడవాళ్లకు ఆడవాళ్లే నేర్పేచోట, వాళ్ల బండి మీదే నేర్చుకోండి. ఆదివారం పొద్దున ఆరింటికి ఏదైనా ఖాళీ వెంచర్ రోడ్ల మీద మీ తమ్ముణ్ణి తోడు పెట్టుకోండి. బండి దిగి నెట్టేటప్పుడు ప్రతిసారీ తాళం తిప్పి ఇంజిన్ ఆపండి, మా వదినకు ఎవరూ చెప్పని ముక్క అదే. మూడు వారాల తర్వాత కూడా ఎక్కగానే చేతులు వణుకుతుంటే కొనకండి. మీకు పోయేది 3,500, మిగతా డబ్బు భద్రంగా ఉంటుంది. ధైర్యం వస్తే మాత్రం మీరు చూసిన బండి ఆర్సీ, పాలసీ కాపీలు పంపండి, అడ్వాన్సు ఇవ్వకముందే చూసి చెబుతాను.