ఫాల్‌కి డబ్బులడగలేను, స్కీములో చేరమంటారా?

ప్రశ్న: మాది విజయనగరం, దాసన్నపేట వైపు. మేడ మీద రెండు గదుల అద్దె పోర్షను. నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. మా ఆయన ప్రైవేటు ఉద్యోగి, జీతం నెలాఖరు దాకా సరిపోవడం లేదు. ఇంటి దగ్గరే ఏదైనా చేద్దామని పొదుపు సంఘంలో 50 వేలు అప్పు తీసుకున్నాను. శ్రీకాకుళంలో ఉంటున్న మా వదిన, అంటే మా ఆయన అక్క, ఏదో ఆరోగ్య ఉత్పత్తుల స్కీములో 35 వేలు కట్టి చేరింది. నన్నూ చేరమంటోంది. 'అక్క నోరు తెరిచి అడిగింది, కాదంటే బాగోదు' అంటారు మా ఆయన. పేపరు ప్లేట్ల మిషను కొంటే సరుకు మేమే తీసుకుంటామని ఒకరు ఫోన్లు చేస్తున్నారు. నా పుట్టిల్లు భీమాలి కాబట్టి మామిడి తాండ్ర వేయడం వచ్చు. మా అత్తగారేమో 'ఇంట్లో యాపారం పెడితే నలుగురూ ఏటనుకుంటారు?' అంటారు. కూరలమ్మి దగ్గర రూపాయి వదలని మనిషికి ఇక్కడ మాత్రం పరువు అడ్డొచ్చింది. వీధిలో వాళ్ళు చీరలకి ఫాల్ వేసిపెట్టమని తెస్తుంటారు, ఆ పనికే సరిపోతోంది టైము. తెలిసినవాళ్ళని డబ్బులేం అడుగుతాం, ఊరికే వేసిస్తాను. ఈ మూడింట్లో నాకేది నప్పుతుంది?

జవాబు: మీరు మూడని రాశారు గాని, నాకు నాలుగు కనిపించాయి. ఊరికే వేసిచ్చే ఆ ఫాల్స్‌ని మీరు లెక్కలోకే తీసుకోలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు వదినగారి విషయం తేల్చుకుందాం, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అయ్యుంటుంది.

మొహమాటపడి ఎదురింటి ఆవిడని ఫాల్ కూలి అడగలేకపోతున్నారు కదా, స్కీములో చేరాక అదే ఆవిడ చేత 35 వేలు కట్టించాలి. ఆవిడ ఇంకో ఇద్దరిని పట్టాలి. పొడి డబ్బాలు పేరుకేనమ్మా, అక్కడ అమ్ముడయ్యేదంతా చుట్టరికమే. మనిషిని చేర్పిస్తే డబ్బొచ్చే గొలుసు పథకాలని 1978లోనే చట్టం చేసి నిషేధించారు. నడిపేవాళ్ళతో పాటు చేర్పించినవాళ్ళు, చేరినవాళ్ళు కూడా దాని కిందకి వస్తారు. వస్తువులు నేరుగా అమ్ముకునే కంపెనీలకి 2021లో నిబంధనలొచ్చాయి. వాటి ప్రకారం చేరడానికి రుసుం తీసుకోకూడదు. 'అది రుసుం కాదు, కిట్టు ఖరీదు' అంటారు. కిట్టు కొనకుండా చేర్చుకుంటారేమో ఒక్కసారి అడిగి చూడండి.

వదినగారితో మాత్రం మోసం అనే మాట ఎత్తకండి. ఆవిడ డబ్బు కట్టేసి, దాన్ని రాబట్టుకోడానికి మీ గుమ్మం తొక్కారు. ఆవిడ మీద కోపం కంటే జాలి పడాలి. 'ఇది సంఘం డబ్బు, నెలనెలా వాయిదా కట్టాలి, ఒక్క నెల తప్పినా సంఘంలో అందరికీ మాటొస్తుంది' అంటే చాలు, అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాట కూడా మీరు కాకుండా మీ ఆయనే చెప్పాలి. తమ్ముడు కాదంటే అక్క రెండు పండగలు అలుగుతుంది. మరదలు కాదంటే ఆ మాట మీ పిల్లల పెళ్ళిళ్ళ దాకా నిలుస్తుంది.

ప్లేట్ల మిషను గురించి ఎక్కువ ఆలోచించకండి. మిషను అమ్ముడవగానే వాళ్ళ లాభం వాళ్ళకి వచ్చేస్తుంది. మొదటి మూట 'అంచు సరిగా రాలేదు' అని వెనక్కొస్తే మీరేం చేస్తారు? పైగా మేడ మీద ఆ మోతకి కింది వాటావాళ్ళు వారం కూడా ఊరుకోరు.

తాండ్ర వద్దనడానికి మాత్రం నాకే మనసొప్పడం లేదు. వేసవిలో ఎవరు భీమాలి వైపు వెళ్తున్నా నాకో కిలో తెమ్మని చెప్పే మనిషిని నేను. కానీ చాపల మీద గుజ్జు పోసి, అది ఎండాక ఇంకో పొర, ఆ పైన ఇంకోటి అంటూ రోజుల తరబడి సాగే పనది. ఎండ, జాగా, కాపలాకి ఒక మనిషి ఉండాలి. రెండు గదుల అద్దె పోర్షనులో ఎక్కడ పరుస్తారు? మామిడికాయ వేసవి వరకే, సంఘం వాయిదా పన్నెండు నెలలూ వస్తుంది. అంతగా మనసు లాగితే పుట్టింట్లో వేసిన తాండ్ర తెచ్చి అమ్ముకోండి. తినే వస్తువు గనక, ఇంట్లోనే అమ్మినా ఆహార భద్రతా విభాగం దగ్గర రిజిస్ట్రేషను చేయించుకోవాలి.

ఇక ఫాల్స్. పని తెలిసి ఉండడం పెద్ద విషయం కాదు, అది చాలామందికి వచ్చు. అడిగేవాళ్ళు తమంతట తాము మెట్లెక్కి రావడమే కష్టం. కొత్తగా కొట్టు పెట్టినవాళ్ళు బోర్డులకీ కరపత్రాలకీ డబ్బు పోసేది ఆ మెట్లు ఎక్కించడానికే. మీకది ఇప్పటికే జరుగుతోంది. విజయనగరంలో చీరలకి కరువు లేదు. ఆషాఢం డిస్కౌంట్లలో కొన్నవి శ్రావణ శుక్రవారానికి కట్టాలంటారు. దసరా అయిన తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఇంటి నిండా చుట్టాలు, అందరికీ కొత్త చీరలే. తర్వాత పెళ్ళిళ్ళు, సంక్రాంతి. మూఢాలొస్తే పని పలచబడుతుంది, ఆ నెలల వాయిదాకి ముందే కొంత తీసి పెట్టుకోవాలి.

సంఘం 50 వేలని ఇప్పుడే కదపకండి. డజను ఫాల్స్, దారం రీళ్ళు మేచింగ్ సెంటర్లో టోకున తెచ్చుకుంటే రెండు నెలల ప్రయత్నానికి రెండు మూడు వేలు దాటదు. చీర అంచులు కుట్టే పీకో మిషను ఇప్పుడే కొనొద్దు, అందాకా దగ్గర్లో ఉన్న టైలరు చేత పీకో వేయించి ఇవ్వండి. వారానికి ఎన్ని చీరలొస్తున్నాయో రాసుకుంటూ ఉంటే మిషను కొనాలా వద్దా అన్నది ఆ కాగితమే చెప్తుంది. ఆ మిషను కొనగా మిగిలిన అప్పు వెనక్కి కట్టేయండి. అన్నట్టు, కాటన్ ఫాల్‌ని ముందుగా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే వేస్తున్నారా? ఊరికే వేసినప్పుడు చెల్లిపోయింది. డబ్బు తీసుకున్నాక, మొదటి ఉతుకుకే ఫాల్ కుదించుకుపోయి కుచ్చిళ్ళ దగ్గర చీర ముడుచుకుంటే వీధంతా చెప్పుకుంటారు.

డబ్బెలా అడగాలన్నది మిగిలింది. మా పిన్ని ఈ పనితోనే ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఎవరైనా చీర తేగానే మడత విప్పి, కొంగు చివర ఒక పోగు లాగి, నోటుబుక్కులో పిన్నీసుతో గుచ్చేది. పక్కన పేరు, తారీఖు, ఎంతో ఆ అంకె రాసి, పుస్తకం వాళ్ళ వైపు తిప్పి చూపించి మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకునేది. 'గురువారం రా వదినా' అనడమే తప్ప డబ్బు మాట నోట్లోంచి వచ్చేది కాదు. చీర తిరిగిచ్చేటప్పుడు అడగాలంటే ఎవరికైనా నోరు రాదు. తీసుకునేటప్పుడే అంకె కళ్ళబడితే ఆ ఇబ్బంది ఉండదు. దగ్గర్లో టైలరు ఎంత తీసుకుంటున్నాడో కనుక్కుని, అంతే పెట్టండి. తగ్గించి మొదలుపెడితే పెంచేటప్పుడు మళ్ళీ మొహమాటం పట్టుకుంటుంది.

పిన్నిలా పుస్తకం తిప్పి చూపించడం కూడా మీకు కష్టమనిపిస్తే, ఆ పుస్తకం అత్తగారి చేతికివ్వండి. 'నాకు లెక్కలు రావత్తయ్యా, మీరు చూసుకోండి' అనండి. కూరలమ్మి దగ్గర రూపాయి వదలని మనిషని మీరే రాశారు.