పెట్టె మీద అక్షరాలే మీ కేసు

ప్రశ్న: 2024 నవంబరు 14న మా అమ్మాయి పెళ్లి రిటర్న్ గిఫ్టుల కోసం 400 చాక్లెట్ పెట్టెలు కొన్నాను. పెట్టె 380 రూపాయల చొప్పున మొత్తం 1,52,000 అయింది. మామూలువి 220కే దొరికేవి. కానీ ఈ పెట్టె మీద ‘బాలకార్మికుల చెయ్యి పడని కోకో, గోదావరి రైతుల నుంచి నేరుగా, న్యాయమైన ధరకు, పర్యావరణ హితం’ అని ఉంది. శుభకార్యానికి ఇంతకంటే మంచిది ఏముంటుందనుకుని కొన్నాం. జంగారెడ్డిగూడెం దగ్గర కోకో తోట ఉన్న మా బావమరిది, ఆ కంపెనీ తమ వైపు ఎవరి దగ్గరా గింజలు కొనలేదని ఈమధ్య చెప్పాడు. అంతర్జాతీయ రేటింగుల్లో ఆ కంపెనీ పేరే లేదని అమెరికాలో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. పసిపిల్లల కష్టంతో చేసిన తీపి పంచామేమోనని నా భార్య ఒకటే బాధపడుతోంది. కంపెనీకి ఫోన్ చేస్తే పెట్టేశారు. వాళ్ల సంగతి వీడియోలో బయటపెడతానని, డబ్బు తిరిగిస్తే ఊరుకుంటానని మెసేజ్ పెడదామనుకుంటున్నాను. పెట్టెలన్నీ పంచేశాం, అప్పుడు తీసిన పెట్టె ఫోటో పంపుతున్నాను. బిల్లు ఇంట్లో ఎక్కడో ఉంటుంది. కేసు నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ మెసేజ్ ఇంకా పెట్టకపోతే పెట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

మీ ఉత్తరమంతా ఆ కోకో కాయలు ఎవరు కోశారన్న దాని చుట్టూ తిరిగింది. మీ కేసు అక్కడ లేదు. ఆ కంపెనీ పెట్టె మీద ఏం రాసింది, రాసినదానికి దాని దగ్గర కాగితం ఉందా లేదా, ఇదొక్కటే తేలాలి. పిల్లలు పనిచేశారని మీరు నిరూపించాలనుకుంటే ఓడిపోతారు. చిన్నప్పుడు తమను ఐవరీ కోస్ట్ కోకో తోటలకు తరలించి పని చేయించారని మాలి దేశస్థులు ఆరుగురు నెస్లే, కార్గిల్ కంపెనీల మీద అమెరికాలో దావా వేశారు. 2021 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టులో అది వీగిపోయింది, ఆ కంపెనీలు అమెరికాలో తీసుకున్న మామూలు వ్యాపార నిర్ణయాలు దావాకు సరిపోవని కోర్టు అంది. మరో ఎనిమిది మంది వేసిన దావాను 2024లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు నిలబెట్టలేదు. వాళ్లు పనిచేసిన తోటలకూ ఆ కంపెనీలకూ మధ్య లింకు చూపలేకపోయారన్నదే కారణం. పనిచేసిన మనుషులే గింజ ఏ తోట నుంచి ఏ ఫ్యాక్టరీకి వెళ్లిందో చూపలేకపోయారు. మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఎలా చూపిస్తారు?

మన చట్టంలో మీకు ఆ భారం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(28) తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో చెబుతుంది. లేబుల్, ప్యాకింగు మీది రాత కూడా ప్రకటన కిందికే వస్తుంది. ‘పర్యావరణ హితం’ అన్న మాటకైతే 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. ఇలాంటి మాట వాడే కంపెనీ దానికి సరిచూసుకోదగిన ఆధారం చూపాలి. మీ బిల్లు తేదీ ఆ తర్వాతిదే. కానీ బాలకార్మికుల మాట, రైతు ధర మాట ఆ మార్గదర్శకాల్లోకి రావు, అవి పర్యావరణానికి సంబంధించినవి మాత్రమే. ఈ రెండింటికీ సెక్షన్ 2(28), అనుచిత వ్యాపార పద్ధతుల గురించి చెప్పే సెక్షన్ 2(47) వాడాలి. చాలామంది అన్నీ కలిపి ఒకే పేరాలో రాసి కేసు పలచన చేసుకుంటారు. ఒక్కో మాటకు ఒక్కో పేరా రాయండి.

మీకు బలమైన మాట ‘నేరుగా’. ‘న్యాయమైన ధర’ అన్నదాన్ని కంపెనీ లాయర్ ఎటైనా సాగదీస్తాడు. 2024 వేసవిలో కిలో వెయ్యి దాకా పలికిన ఎండు గింజలు మరుసటి ఏడాదికి సగానికి పడిపోయాయి. ఏ రోజు ధర న్యాయమైనదో ఏ చట్టమూ చెప్పలేదు. ‘గోదావరి రైతుల నుంచి నేరుగా’ అన్నది అలా కాదు. కొన్నారా లేదా, అంతే. మధ్యలో ఏజెంటు ఉంటే ఆ మాట అబద్ధమే.

మీ బావమరిది మాటను మాత్రం ఎక్కువ నమ్ముకోకండి. ఆయనకు తన ఊరి సంగతి తెలుసు. కాయలు కొట్టి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి గోనె సంచుల్లో పోసి ఏజెంటుకు తూకం వేశాక ఆ సంచి ఎటు వెళ్లిందో ఆయనకూ తెలియదు. ‘జిల్లాలో ఎవరి దగ్గరా కొనలేదు’ అని అఫిడవిట్ ఇస్తే క్రాస్‌లో ఎదుటి లాయర్ వేసే రెండు ప్రశ్నలకే చిక్కుకుంటాడు. తెలియనిది తెలిసినట్టు ప్రమాణం చేయించకండి. విదేశీ రేటింగు కూడా సాక్ష్యం కాదు. అందులో పేరు లేదంటే ఆ రేటింగు ఇచ్చేవాళ్లు ఆ కంపెనీని పరిశీలించలేదని అర్థం, తప్పు చేసిందని కాదు.

ఇక సాక్ష్యం. 400 పెట్టెలు పంచి ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోలేదు. లక్షన్నర ఖర్చుపెట్టి బిల్లు ఎక్కడో ఉంటుందంటున్నారు. మీరు పంపిన ఫోటో చూశాను. మూత మీద బంగారు రంగు కోకో ఆకు, కింద ఆ నాలుగు మాటలూ బాగానే ఉన్నాయి. కానీ పక్క వైపు బ్యాచ్ నంబరు ఉండే చోట ఎవరిదో బొటనవేలు అడ్డంగా ఉంది. ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే లైసెన్సు నంబరులో 14 అంకెలకు మొదటి ఆరే కనిపిస్తున్నాయి. మీరు కొన్న సరుకు ఇదేనని రుజువు చేయాల్సింది ఆ బ్యాచ్ నంబరే. బంధువులకు ఈరోజే ఫోన్ చేయండి. ఖాళీ పెట్టెల్లో సూదులు, దారాలు దాచుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, ఒక్క పెట్టె దొరికినా చాలు. పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర అసలు ఫైళ్లు ఉంటాయి, గిఫ్టుల టేబుల్ షాట్లు అడగండి. కంపెనీ వెబ్‌సైట్‌లో అవే మాటలు ఇంకా ఉంటే తేదీ, సమయం, పేజీ అడ్రసు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. సేల్స్ మనిషితో వాట్సాప్ చాట్ చెరిపేయకండి. ఈ ఫోటోలు, స్క్రీన్‌షాట్లు, చాట్ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. బిల్లు దొరకకపోతే బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి.

లిమిటేషన్, అంటే కేసు వేసే గడువు, రెండేళ్లు, వినియోగదారుల చట్టం సెక్షన్ 69. ‘మాకు మొన్నే తెలిసింది’ అన్న వాదన మీద ఆధారపడకండి. బిల్లు తేదీ నుంచే లెక్కేసుకోండి. అంటే 2026 నవంబరు 14 దాటకూడదు, నవంబరు మొదటి వారంలోపే వేసేయండి. లీగల్ నోటీసు ఇచ్చినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఆ గడువు ఆగదు. నోటీసుకు జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు ఆ మెసేజ్ సంగతి. ‘డబ్బిస్తే వీడియో పెట్టను’ అని రాసిన మరుక్షణం మీరు బాధితుడి స్థానం నుంచి బెదిరించినవాడి స్థానంలోకి వెళ్తారు. పరువు పోతుందని భయపెట్టి డబ్బు అడగడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద నేరం. మీ డబ్బే కదా అన్న వాదన ఆ తర్వాత స్టేషన్లో చెప్పుకోవాల్సి వస్తుంది. డబ్బు అడగకుండా వీడియో పెట్టి ‘బాలకార్మికులతో చేయించారు’ అన్నా సెక్షన్ 356 కింద పరువు నష్టం కేసు వేస్తారు. నిజమే చెప్పానని తప్పించుకోవాలంటే ఆ నిజాన్ని మీరే రుజువు చేయాలి. మాలి వాళ్లు చేయలేకపోయిన పని అదే. పెట్టె మీద ఉన్న నాలుగు మాటలకు ఆధారం అడగాల్సిన మీరు, మీ మాటకు ఆధారం వెతుక్కునే స్థితిలో పడతారు.

చేయాల్సింది చెబుతాను. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో ఆరోపణ ఒక్కటీ వద్దు, ప్రశ్నలే ఉండాలి. ఈ బ్యాచ్‌కు గింజలు ఏ మండలం, ఏ రైతుల నుంచి, ఏ తేదీన, కిలో ఎంతకు కొన్నారు? బాలకార్మికులు లేరని ఎవరు తనిఖీ చేశారు? పర్యావరణ హితం అన్నదానికి ఏ సర్టిఫికెట్ ఉంది? 15 రోజులు గడువివ్వండి. సర్టిఫికెట్ పంపితే అది ‘మాస్ బ్యాలెన్స్’ పద్ధతా కాదా చూడండి. ఆ పద్ధతిలో సర్టిఫై అయిన గింజలు, మామూలు గింజలు ఫ్యాక్టరీలో కలిసిపోతాయి. సర్టిఫై అయినవి కొన్నంత బరువుకు సర్టిఫికెట్ గుర్తు వేసుకోవచ్చు, మీ చేతిలోని బిళ్లలో ఆ గింజ ఒక్కటీ లేకపోయినా. ఆ ఏర్పాటులో అది తప్పు కాదు. కానీ అలా కలిపిన సరుకుకు ‘గోదావరి రైతుల నుంచి నేరుగా’ అన్న మాట పొసగదు.

తర్వాత వినియోగదారుల కేసులు వేసే ఇ-జాగృతి పోర్టల్ ద్వారా మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే చోట వేసే హక్కు ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. పంచిపెట్టడానికి కొన్నారు, తిరిగి అమ్మడానికి కాదు కాబట్టి మీరు వినియోగదారుడు కాదన్న వాదన నిలవదు. మొత్తం లక్షన్నర అడగకండి, చాక్లెట్లు తిన్నారు కదా. ఆ మాటల కోసం ఎక్కువిచ్చిన పెట్టెకు 160 చొప్పున 64,000, పరిహారం, ఖర్చులు, సరిదిద్దే ప్రకటన అడగండి. విడిగా అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 17 కింద కలెక్టర్‌కు కూడా ఒక ఫిర్యాదు ఇవ్వండి. కేంద్ర అథారిటీ దాకా వెళ్తే 10 లక్షల వరకూ జరిమానా పడొచ్చు. అది మీకు రాదు, కానీ ఆ పెట్టె మీద ఆ మాటలు ఆపించే అధికారం ఆ అథారిటీకి ఉంది.

ముందు పెట్టె వెతికించండి. దొరికితే తుడవకుండా, చిరిగిన లేబుల్ అతికించకుండా, అలాగే ఒక కవర్లో పెట్టి సీల్ వేయండి.